ఎప్పుడైనా పనికివస్తుంది



ఈ నెల మేము వ్రాయుచున్నది వాక్యధ్యానము కాదు. ఇల్లు సర్దుకొనుటను గూర్చి నాలుగు మాటలు. పాస్టరుగారికి వ్రాయుటకు ఇంకేమియు దొరకలేదా అని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినను మాకు బాధ లేదు. అయితే మా ఇంటిలో పేరుకొనిపోయిన సామానువలన ఒకప్పుడు ఒక పేద విధవరాలు తన భూమిని పోగొట్టుకొనవలసినంత పని జరిగింది. ఆ తప్పు మాది. దానిని దాచిపెట్టి మీకు సలహాలు చెప్పుటకు మాకు ముఖము చెల్లలేదు కనుక ముందుగా దానినే చెప్పుచున్నాము.

మేము సేవలో చేరిన క్రొత్తలో మాకున్న ఆస్తి రెండు ట్రంకు పెట్టెలు, ఒక నవారు మంచము, ఒక కిరోసిన్ స్టవ్వు, డిప్లొమా చదువునాటి పుస్తకముల కట్ట. మొదటి బదిలీకి ఆటో ట్రాలీ చాలింది. రెండవ బదిలీకి ట్రాక్టరు పెట్టవలసి వచ్చింది. మూడవ బదిలీకి లారీ వచ్చింది. అదియు నిండిపోయి వెనుక తలుపు మూతపడక తాడు కట్టుకొని వచ్చాము. సామాను దించుచున్న హమాలీ తమ్ముడొకడు చెమట తుడుచుకొనుచు, "అయ్యగారూ, గీ సామానంత ఎన్నడు వాడ్తరు?" అని అడిగాడు. మేము నవ్వి ఊరుకున్నాము. మా దగ్గర జవాబు లేదు.

మేము కొనినది కొంచెమే. వచ్చి పడినదే ఎక్కువ. పాస్టరు కుటుంబమునకు సంఘస్థులు ప్రేమతో ఇచ్చువాటికి లెక్క ఉండదు. గృహప్రతిష్ఠకు వెళ్ళితే శాలువ. పెండ్లి జరిపిస్తే శాలువ, స్టీలు డబ్బా. కూటములకు వెళ్ళితే శాలువతోపాటు అద్దము బిగించిన జ్ఞాపిక. గోడగడియారములు ఒక దశలో ఏడు ఉండేవి. వాటిలో నాలుగు నడిచేవి, నాలుగును నాలుగు వేళలు చూపించేవి. పేర్లు చెక్కిన గిన్నెలు, ఏటేటా వచ్చు వాగ్దానపు క్యాలెండర్లు, కట్టలకొలది పెండ్లి కార్డులు. కార్డును పారవేయుదమంటే దానిమీద వాక్యము అచ్చువేసి ఉండును, చేతులు రావు. ఇవి గాక ప్రతి ఇంటిలో ఉండునవి మా ఇంటిలోను ఉన్నవి: సంచిలో సంచి, కవరులో కవరు, మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు, పాత ఫోన్ల చార్జర్లు, కాలిపోయిన మిక్సీ, తెగిన చెప్పులు. అటక నిండింది. మంచముల క్రింద నిండింది. తలుపుల వెనుక నిండి తలుపులు సగమే తెరుచుకొనేవి.

ఇక ఆ పెద్దమ్మ సంగతి.

2016 జూన్ నెలలో తెలంగాణ ప్రభుత్వము సాదాబైనామాలను క్రమబద్ధము చేయుటకు దరఖాస్తులు తీసుకొన్నది. సాదాబైనామా అనగా రిజిస్ట్రేషను లేకుండ తెల్లకాగితము మీద వ్రాసుకొనిన భూమి కొనుగోలు పత్రము. మన పల్లెలలో ఎందరో పేదలు స్టాంపు ఖర్చు పెట్టుకొనలేక, పెద్దమనుషుల ఎదుట వేలిముద్రలు వేయించుకొని ఆ విధముగానే భూమి కొన్నారు. దున్నుకొనునది వీరు, రికార్డులో పేరు మాత్రము అమ్మినవారిది. 2014 జూన్ 2వ తేదీకి ముందు జరిగిన కొనుగోళ్ళకు, పల్లెలలో ఐదెకరముల వరకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను రుసుము లేకుండ పట్టా చేయుదుమని ప్రకటించారు. గడువు కొద్ది దినములే అని మా ఊరిలో డప్పు వేసి చాటింపు చేశారు.

మా సంఘములో ఉన్న ఈ పెద్దమ్మకు భర్త లేడు. కుమారుడు హైదరాబాదులో తాపీ పని. ఆమెకున్నది ఎకరము పది గుంటల చెలక. ఆమె భర్త 1991లో కొనినది. దాని తెల్లకాగితమును ఆమె మా చేతికి ఇచ్చి అప్పటికి మూడేళ్ళయింది. "అయ్యగారూ, వానొస్తే మా ఇల్లు కురుస్తది. కాయిదం తడిస్తె నా బతుకే తడుస్తది. మీ కాడ ఉండనియ్యుండ్రి" అని ఇచ్చింది. మేము భద్రముగా దాచాము. ఎంత భద్రముగా అంటే, ఎక్కడ దాచామో మాకే తెలియనంత.

ఆమె వచ్చి అడిగిన దినమున "ఇప్పుడే తెస్తామమ్మా" అని లోపలికి వెళ్ళాము. బీరువా చూచాము. పుస్తకముల అలమర చూచాము. ట్రంకు పెట్టెలు విప్పాము. చీకటి పడింది. రేపు రమ్మని పంపించాము. మరునాడు అటక మీదివన్నియు దించాము. ఒకటి దించితే దాని వెనుక రెండు. మూడవ దినమున ఇల్లంతా సామానే, కాలు పెట్టుటకు చోటు లేదు, కాగితము మాత్రము లేదు. ఆమె ప్రతి సాయంకాలము కూలి పనినుండి నేరుగా వచ్చి మా వరండా మెట్టు మీద కూర్చుండేది. ఒక్క మాట అనలేదు. మా అమ్మగారు టీ ఇస్తే త్రాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయేది. (అమ్మగారు అనగా మా ఇంటి ఇల్లాలే. సంఘస్థులు పిలుచునట్లే ఇక్కడ వ్రాయుచున్నాము.) ఆమె మమ్మును నాలుగు మాటలు అనియుంటే మాకు తేలికగా ఉండేది. రాత్రులు నిద్ర లేదు. ప్రార్థనకు మోకరించినను మనసు అటక చుట్టే తిరిగేది.

అయిదవ రాత్రి దొరికింది. క్రిస్మస్ నక్షత్రములు, రంగుకాగితములు దాచిన మిఠాయి అట్టపెట్టె అడుగున, ఒక పెండ్లి కార్డు కవరులో ఉన్నది. అమ్మగారి చేతికే దొరికింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. రాత్రి పదకొండు గంటలైనను టార్చిలైటు పట్టుకొని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాము. చదువు రాని మనిషి గదా, కాగితము విప్పి, వేలిముద్రల మీద తన వ్రేలు ఆనించి ఒక్కొక్కటి చూచుకొన్నది. ఒకదాని దగ్గర ఆగి, "ఇది మా ఆయనది" అన్నది. మరునాడే దరఖాస్తు పెట్టించాము. విచారణలన్నియు జరిగి చాలా నెలల తరువాత 13బి సర్టిఫికెట్టు ఆమె చేతికి వచ్చింది. ప్రభువునకు స్తోత్రము. ఆ కాగితము దొరకకపోయియుంటే ఏమయ్యేదో తలంచుకొనుటకు ఇప్పటికిని మాకు ధైర్యము లేదు.

ఆ వెదకులాటలో ఇంకొక సంగతి బయటపడింది. మరి పదకొండు కుటుంబముల కాగితములు మా ఇంటిలో ఉన్నవి. ఒకరి బీమా బాండు, ఒక చంటిబిడ్డ జనన ధ్రువపత్రము, అప్పటికే మరణించిన ఒక తాతగారి పాసుపుస్తకము. దాచుమని ఇచ్చినవారు కొందరు మరచిపోయారు, పుచ్చుకొనిన మేమును మరచిపోయాము. ఒక అమ్మాయి టి.సి. మా దగ్గరనే ఉండగా, పోయినదనుకొని ఆమె తండ్రి బడి చుట్టు పలుమారు తిరిగి, కూలి పోగొట్టుకొని, రెండవ ప్రతి తెచ్చుకొన్నాడు. ఆయన ఇంటికి వెళ్ళి అసలు కాగితము చేతిలో పెట్టినప్పుడు ఆయన ఏమియు అనక మాకు పీట వేశాడు. ఆ పీట మీద కూర్చుండుట ఎంత కష్టమో మాకు తెలుసు.

అప్పుడు ఇల్లు తేల్చుటకు పూనుకున్నాము. మొదట చేసినది తెలివితక్కువ పని. ఒక సోమవారమున అన్నియు ఒకేసారి ముగించవలెనని తెల్లవారుజామున లేచి సామానంతయు వాకిట్లో వేశాము. పది గంటలకు ప్రక్క ఊరినుండి మరణవార్త వచ్చింది. భూస్థాపన ముగించి వచ్చుసరికి సాయంకాలము, పైన మబ్బులు. చినుకులు పడుచుండగా ఎవరికి చిక్కినది వారు లోపలికి విసిరివేశాము. ఇల్లు మునుపటికంటె అధ్వాన్నమయింది. పనిగలవారికి పూర్తి దినము దొరకదు. నాట్లు, కలుపు, పత్తి ఏరుట అని తెల్లవారకముందే వెళ్ళు మన అక్కచెల్లెండ్రకు ఒక పూటయినను దొరకదు. దొరకని సమయము కొరకు కనిపెట్టుకొనియుంటే సామాను పెరుగుచునే ఉండును.

ఉపాయము అమ్మగారికే తట్టింది. అన్నమునకు ఎసరు పెట్టి బియ్యము వేసిన తరువాత, అన్నము ఉడుకువరకు ఆమె ఎట్లును వంటగది విడిచి వెళ్ళుటకు వీలులేదు. ఆ కాస్త సమయములో ఒక గూడు మాత్రము చూచేది. ఒక గూడు, లేదా ఒక డబ్బా, లేదా ఒక సొరుగు. రెండవదాని జోలికి వెళ్ళకూడదు. అన్నము దించగానే చేయి ఆపవలెను. మొదటి దినమున పోపుల గూటిలో పురుగు పట్టిన వాము, ఎప్పటిదో తెలియని ఇంగువ డబ్బా, ఆరు ఖాళీ పొట్లములు బయటికి వచ్చినవి. అంతే. దానినిబట్టి ఇల్లు మారిపోయినదని చెప్పము. కాని రెండవ దినమున ఇంకొక గూడు. మూడు నెలలు గడచుసరికి వంటగది తేలింది. సాయంకాలము టీ కాగువరకు మాలో రెండవవారు పుస్తకముల అలమరలో ఒక అర చూచుట మొదలుపెట్టారు. దానికి మాత్రము ఏడాది పట్టింది, ఎందుకంటే పుస్తకము తీసినవారు చదువుచు కూర్చుండేవారు.

తలుపు వెనుక మూడు గోనెసంచులు తగిలించాము. ఒకదానిలో ఇతరులకు ఇవ్వదగినవి. ఒకదానిలో పాత సామానువానికి వేయవలసినవి. మూడవది సందేహపు సంచి. ఉంచుదమా తీసివేయుదమా అని ఇద్దరికి మాట కుదరనిది అందులోనికి పోవును. భార్యాభర్తలకు సామాను దగ్గర వచ్చునంత తగవు డబ్బు దగ్గర కూడ రాదని మా అనుభవము. అందుచేత ఈ మూడవ సంచి మా ఇంటి సమాధానమునకు చాలా తోడ్పడింది. అది నిండగానే మూతి కట్టి అట్టముక్క మీద తేదీ వ్రాసి వ్రేలాడదీయవలెను. ఆరు నెలలలో దేనికొరకైనను విప్పవలసివస్తే ఆ వస్తువు ఇంటిలో ఉండును. లేకుంటే సంచి పోవును. మొదటి సంచినుండి మేము తిరిగి తీసుకొనినది కొబ్బరికోరు ఒక్కటే. మిగిలినవాటిలో ఏమేమి ఉన్నవో ఆరు నెలల తరువాత ఇద్దరము చెప్పలేకపోయాము. కాగితములు మాత్రము ఆ సంచిలో వేయకూడదు. అది మా ఇంటి కట్టడ.

కాగితములకు ఒక రేకు పెట్టె. పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్, రేషను కార్డు, జనన మరణ ధ్రువపత్రములు, బాప్తిస్మపు సర్టిఫికెట్టు, పెండ్లి సర్టిఫికెట్టు, పిల్లల టి.సి.లు, మార్కుల కాగితములు, బీమా బాండ్లు, పిల్లల టీకాల కార్డు, బ్యాంకు పుస్తకములు. ఒక్కొక్కరివి ఒక్కొక్క ప్లాస్టిక్ కవరులో. మూత లోపలి వైపున ఏమేమి ఉన్నవో వ్రాసిన చీటీ అంటించవలెను, ఏదైనా బయటికి తీసుకొనిపోతే ఆ చీటీ మీద గుర్తు పెట్టవలెను. పెట్టె నేల మీద గాక ఎత్తుగా, వాన పడని గోడకు పెట్టవలెను. 2015నుండి డిజిలాకర్ అను ప్రభుత్వపు ఏర్పాటు ఉన్నది. దానిలో కొన్ని పత్రములను ఫోనులోనే చూచుకొనవచ్చును. పిల్లలు చదువుకొనినవారైతే వారిచేత చేయించుకొనండి. అయినను తెల్లకాగితము మీది వేలిముద్రకు ఫోను ఏమి చేయగలదు? అసలు కాగితమును కాపాడుకొనవలసినదే.

లోపలినుండి తీయుట ఒక ఎత్తు, లోపలికి వచ్చుటను ఆపుట ఒక ఎత్తు. మేము ధైర్యము చేసి ఒక ఆదివారమున ప్రకటనల సమయములో, ఇకమీదట మాకు శాలువలు, గడియారములు తేవద్దని, మనసు ఉంటే సండేస్కూలు పిల్లలకు నోటుపుస్తకములు తెమ్మని చెప్పాము. సంఘపెద్ద ఒకాయన నొచ్చుకొన్నాడు. "మా శాలువ మీకు బరువైందా అయ్యగారూ?" అని నలుగురిలో అడిగాడు. ఆయన ఇంటికి వెళ్ళి, భోజనము చేసి, సంగతి వివరించిన తరువాత గాని ఆయన మనసు చల్లబడలేదు. ఇప్పుడు ఆయనే ప్రతి జూన్ నెలలో నోటుపుస్తకములు తెచ్చుచున్నాడు. ఉన్న శాలువలు ఇరువది ఆరు తేలినవి. ఇచ్చినవారికి ముందుగా చెప్పి, డిసెంబరు చలిలో ముసలివారికి పంచాము. ఒకరిద్దరు ఇచ్చినవారే తమ తల్లికి కావలెనని అడిగి తీసుకొనిపోయారు. పెండ్లి కార్డుల బొమ్మలు సండేస్కూలు పిల్లలు కత్తిరించి క్రిస్మస్ కార్డులు చేసినారు.

ఇంతవరకు చదివిన అమ్మలు కొందరు, "ఎప్పుడైనా పనికివస్తుంది కదా, పారవేయుట ఎందుకు?" అని అనుకొనుచుందురు. ఆ మాటను మేము తేలికగా తీసివేయము. మా తల్లిగారు ఆ మాట మీదనే మా అయిదుగురిని పెంచారు. వంగిన మేకును రాతి మీద పెట్టి సరిచేసేవారు. చినిగిన చీర బొంతయ్యేది, బొంత చినిగితే మసిగుడ్డ అయ్యేది. మసిగుడ్డ కూడ చినిగితే దీపపు వత్తి. ఆమె ఇంటిలో ఒక్క వస్తువు ఊరకే పడియుండేది కాదు. పట్టణములలో కొందరు సామానును గూర్చి మాట్లాడునప్పుడు, దాచుకొనుట ఒక జబ్బు అన్నట్లు మాట్లాడుదురు. లేమిలో పెరిగినవాడు త్రాడు ముక్కను దాచుకొంటే అది జబ్బు కాదు. మా తల్లిగారికిని మాకును తేడా ఒక్కటే. ఆమె దాచినది నిజముగా వాడేవారు, ఏది ఎక్కడున్నదో చీకటిలో కూడ చెప్పేవారు. మేము దాచి మరచిపోతిమి. ఏడు గడియారములు, నలువది ప్లాస్టిక్ డబ్బాలు ఆమె కాలములో లేవు. ఆమె బ్రతికియుంటే మా అటకను చూచి ఏమనేవారో మాకు తెలుసు.

బయట పోగులను గూర్చి కూడ చెప్పవలెను, ఎందుకంటే అవి ప్రాణము మీదికి తెచ్చును. గోడ ప్రక్కన కట్టెలు, ఇటుకలు, పాత రేకులు, వరిగడ్డి పేర్చితే ఎలుకలు చేరును. ఎలుకల వెనుక పాములు వచ్చును. కట్లపాము రాత్రివేళ తిరుగును, నేలమీద పండుకొనినవారిని కరచును. కాటు చాలాసార్లు నొప్పి తెలియదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అని, కనురెప్పలు వాలిపోవుచున్నవని లేచినవారిని మంత్రగాని యొద్దకు గాక వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. మేము కట్టెల పోగును ఇంటినుండి దూరముగా జరిపి, రాళ్ళ మీద ఎత్తుగా పేర్చాము. నేలమీద పండుకొను పిల్లలకు దోమతెర కట్టి అంచులు బొంత క్రిందికి దోపుట అలవాటు చేశాము.

వాకిట్లోని పాత టైర్లు, పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు, మూతలేని డబ్బాలు వాన నీరు పట్టి డెంగీ దోమకు పుట్టిల్లగును. గుడ్డునుండి దోమ అగుటకు వారము పది దినములు చాలును. శుక్రవారము డ్రై డే అని మన ఆశా కార్యకర్తలు నీళ్ళ తొట్లు ఖాళీ చేయుమని చెప్పునది ఇందుకే. వారు చెప్పినప్పుడు విసుగుకొనకండి.

అన్నిటికంటె భయపడవలసినది పురుగుమందు డబ్బా. మంచి మూత, గట్టి ప్లాస్టిక్, పారవేయుటకు మనసు రాదు. ఒక కోత పండుగనాడు మన సహోదరుడొకరు అయిదు లీటర్ల డబ్బాలో నువ్వుల నూనె తెచ్చి బలిపీఠము దగ్గర పెట్టాడు. ఇంటికి తెచ్చి చూస్తే డబ్బా మీద సగము చిరిగిన లేబులు, దానిమీద ఎర్ర గుర్తు. అడిగితే, "మూడుసార్లు కడిగి ఎండబెట్టిన అయ్యగారూ, వాసన గూడ లేదు" అన్నాడు. అమాయకుడు. కష్టపడి ఆడించిన నూనెను ఆయన ఎదుటనే గుంట త్రవ్వి పోయుట మాకును కష్టమయింది, ఆయనకును కష్టమయింది. అప్పుడు ఆయనకు బీహారు సంగతి చెప్పాము. 2013 జూలై నెలలో ఆ రాష్ట్రములోని సారణ్ జిల్లాలో ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలింది. ఖాళీ అయిన మందు డబ్బాను మూడుసార్లు కడిగి, కడిగిన నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు రంధ్రములు పొడిచి ఎవరికిని పనికిరాకుండ చేయవలెనని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పుదురు. ఆ మూడు కడుగుళ్ళు దానిని పారవేయుటకే గాని నూనె పోసుకొనుటకు కాదు. కాలువలో వేయకూడదు, కాల్చకూడదు. ఆ సహోదరుడు ఇంటికి వెళ్ళి వెదికితే అటువంటివి ఇంకా నాలుగు ఉన్నవట. ఒకదానిలో పసుపు దాచుకొన్నారట.

ఇచ్చుటలో కూడ మేము ఒకసారి సిగ్గుపడినాము. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర నదులు పొంగి కర్నూలు, అలంపూరు ప్రాంతములు మునిగినప్పుడు సంఘమునుండి బట్టలు పోగుచేసి తీసుకొనివెళ్ళాము. ఇంటిలో అడ్డముగా ఉన్న పాత బట్టలన్నియు మూటకట్టాము. దానికి ప్రేమకానుక అని పేరు పెట్టాము. అక్కడ ఒక తల్లి జాకెట్టు ఒకటి తీసి చూచి, హుక్కులు లేవని చూపించి, మడతపెట్టి మా చేతికే తిరిగి ఇచ్చింది. కోపముగా కాదు, మెల్లగానే ఇచ్చింది. ఆమె ఇల్లు బురదలో ఉన్నది. అప్పటినుండి ఇవ్వదగినవాటి సంచిలో వేయుటకు ముందు ఉతికి, గుండీలు కుట్టి, అది మన అక్కకు ఇస్తే ఆమె కట్టుకొనునా అని చూచుట అలవాటు చేసుకొన్నాము. కట్టుకొననిది బొంతకు పోవును.

ఇంకొక తప్పు. ఇల్లు తేల్చు ఉత్సాహములో మా చిన్నవాడు బడికి వెళ్ళినప్పుడు వాని అట్టపెట్టెను పాత సామానువానికి వేశాము. సోడా మూతలు, పాడైన రేడియో తీగెలు, ఒక అయస్కాంతము. మాకు చెత్త. వాడు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. పాత సామాను బండి వెంట రెండు ఊళ్ళు తిరిగి అయస్కాంతమును మాత్రము తేగలిగాము. పిల్లలవైనను, ముసలివారివైనను వారిని అడుగకుండ ముట్టకండి. మీ అత్తగారి పాత పెట్టె మీ కంటికి ఎంత అడ్డముగా ఉన్నను అది ఆమెది.

ఇప్పుడు మా ఇల్లు ఖాళీగా ఉన్నదని చెప్పము. క్రిస్మస్ ముందర సున్నము వేయునప్పుడు మళ్ళీ రెండు సంచులు నిండుచున్నవి. చార్జర్లు ఎట్లు పుట్టుచున్నవో మాకు ఇప్పటికిని అర్థము కాదు. అయితే మొన్న జరిగిన బదిలీకి ట్రాక్టరు ఒక్కసారే తిరిగింది. తలుపులు పూర్తిగా తెరుచుకొనుచున్నవి. ఎవరైనా కాగితము దాచుమని తెస్తే, తీసుకొనుటకు బదులు వారిని వెంటబెట్టుకొనిపోయి ఒక రేకు పెట్టె కొనిపించుచున్నాము.

బదిలీకి ముందు వీడ్కోలు చెప్పుటకు పెద్దమ్మ ఇంటికి వెళ్ళాము. ఇప్పుడు ఆమెకు స్లాబు ఇల్లు, కురియదు. రేకు పెట్టెను దేవుని బొమ్మ ఉన్న క్యాలెండరు క్రింద పెట్టుకొన్నది, తాళపుచెవి కొంగుకు కట్టుకొన్నది. తీసి మాకు చూపించింది. అన్నియు కవరులలో ఉన్నవి. ఎదురుగా గోడమీద మేము ఇచ్చిన గడియారములలో ఒకటి వ్రేలాడుచున్నది. రెండుంబావు దగ్గర ఆగిపోయి ఉన్నది. "ఎన్నాళ్ళయింది పెద్దమ్మా ఇది ఆగి?" అని అడిగాము.

"మూడేండ్లాయె అయ్యగారూ."

"మరి తీసివేయలేదేమి?"

ఆమె మావైపు వింతగా చూచింది. "ఉండనీయుండ్రి అయ్యగారూ. ఎన్నడన్న పనికొస్తది" అన్నది.